కింది సభలో నెగ్గిన బిల్లు

అమెరికా రాజకీయాల మీద నా మొట్టమొదటి విశ్లేషణ పదకొండు సెకన్లు నడిచింది. అక్కడ ఎన్నికలైన మర్నాడు పొద్దున్నే ఫలితాల మ్యాపు ముందు పెట్టుకుని, మైకు దగ్గరకు లాక్కుని, ఎంతో బరువైన గొంతుతో ఇలా అన్నాను: "శ్రోతలారా, చెప్పడానికి నోరు రావడం లేదు. అమెరికా నడిబొడ్డంతా ఎర్రబడిపోయింది. కమ్యూనిస్టులు గెలిచేస్తున్నారు."

అద్దం అవతల కూర్చున్న మా యజమాని ప్రసారం ఆపి పాట వేసేశారు. అమెరికాలో ఎరుపు అక్కడి కన్సర్వేటివ్‌ల పార్టీ రంగట. అంటే నేను ఎవరి తరఫున మాట్లాడదామని వచ్చానో వాళ్ళ రంగే. తణుకు దగ్గర పెరిగినవాడికి ఎరుపంటే ఒకటే జెండా. ఇంగ్లండు వచ్చాక కూడా ఎరుపు కార్మికుల పక్షానిదే. మూడో దేశానికి వెళ్ళేసరికి రంగు తిరగబడుతుందని, తొమ్మిదో తరగతితో బడి మానేసినవాడికి ఎవరు చెబుతారు? పదో తరగతిలో చెప్పి ఉంటారేమో.

ఆ తర్వాత పదహారేళ్ళు అదే మైకు ముందు ప్రతి ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. ఇక్కడ భోజనాలయ్యే వేళ, అమెరికాలో మనవాళ్ళు కాఫీ తాగే వేళ. ఇప్పుడు మానేశాను. హీత్రూ విమానాశ్రయం పక్కనున్న హౌన్స్‌లో అనే పేటలో ఒకే ఇంట్లో ఆరుగురేసి ఉంటూ మాస్టర్స్ చదివే కుర్రాళ్ళు కొందరు వచ్చి, "అంకుల్, మేమూ ఛానెల్ పెడదామనుకుంటున్నాం, కెమెరా ఏది కొనమంటారు?" అని అడుగుతున్నారు. కెమెరాల సంగతి నాకు తెలియదు. తెలిసింది రాస్తున్నాను.

సీటు జేబుల్లో చదువు

నా కాలేజీ హీత్రూ విమానాశ్రయం. అమెరికా నుంచి దిగిన విమానాలు లోపల శుభ్రం చేసే పని. ప్రయాణికులు దిగాక మాకు దొరికే సమయం తక్కువ. దుప్పట్లు ఒక సంచిలో, చెత్త ఒక సంచిలో, పేపర్లు నా చొక్కాలో. ముందు వరసల వాళ్ళు వదిలేసే పేపర్లు ఒక రకం, వెనక వరసలవి ఇంకో రకం. ఒకే రోజు, ఒకే సంగతి. ముందు సీటు పేపరులో అది సంస్కరణ, వెనక సీటు పేపరులో అదే దోపిడీ. రెండూ ఒళ్ళో పెట్టుకుని, బస్సులో ఇంటికెళ్తూ, నిఘంటువు తిరగేస్తూ చదివేవాడిని. ఇంగ్లీషు అలా వచ్చింది. అందుకే నా ఇంగ్లీషులో ఇప్పటికీ కొంచెం విమానం సీట్ల మీద ఒలికిన టొమాటో రసం వాసన ఉంటుంది.

నేను కన్సర్వేటివ్‌ని అయిందీ అక్కడే. ఒకసారి ఒక పేపరులో, ఏదో చిన్న ఊళ్ళో ఉన్న ఒక రైతు భార్య రాసిన ఉత్తరం చూశాను. మా ఊరి బడిలో ఏం చెప్పాలో రాజధానిలో కూర్చున్నవాళ్ళు తేలుస్తున్నారు, వాళ్ళకు మా పిల్లల్లో ఒక్కరి పేరైనా తెలుసా అని అడిగిందావిడ. నాకు మా లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. నేను బడికి రాకపోతే సైకిలేసుకుని ఇంటికొచ్చి చెవి పట్టుకుని తీసుకెళ్ళేవారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కాగితం ఆయన్ని శ్రీకాకుళం పంపించేసింది. ఆయన వెళ్ళాక నేనూ బడికి వెళ్ళలేదు. తప్పంతా కాగితానిదేనని అనను, నా బద్ధకానికీ వాటా ఉంది. కాని మన పేరు తెలిసినవాళ్ళు తీసుకునే నిర్ణయానికీ, తెలియనివాళ్ళు తీసుకునే నిర్ణయానికీ తేడా ఉందని ఆ రోజు నుంచి నమ్ముతున్నాను. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, దగ్గరగా ఉండాలి, చట్టం చేయడానికి తొందరపడకూడదు. పదహారేళ్ళూ నేను మాట్లాడిందంతా ఈ మూడు ముక్కలే.

యాదగిరి గారి షరతు

రేడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. హౌన్స్‌లో హై స్ట్రీటులో ఒక విమాన టికెట్ల దుకాణం, దాని పైన ఒక గది, గోడలకు పాత పరుపులు. ఇంటర్నెట్‌లో వినిపించే తెలుగు రేడియో. పైనుంచి విమానం వెళ్ళినప్పుడల్లా మాట ఆపాలి. మాట మాటకీ మధ్య సూరిబాబు గారు ఎంత చక్కగా ఆలోచించుకుంటారో అని మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చేవి.

దుకాణమూ రేడియో రెండూ యాదగిరి గారివి. వరంగల్ మనిషి. విమానాశ్రయంలో మా యూనియన్‌కు ఒకప్పుడు నాయకుడు. ఆయన రాజకీయం నా రాజకీయానికి సరిగ్గా ఎదురు. చేరిన కొత్తలో అడిగాను.

"యాదగిరి గారూ, నా మాటలు మీకు పడవు కదా. నన్నెందుకు పెట్టుకున్నారు?"

"ఇద్దరం ఒక్కటే మాట మాట్లాడితే వినేటోడు ఎందుకింటడయ్యా సూరిబాబు? రేడియో బందువెట్టి పండుకుంటడు."

ఆయన షరతు ఒకటుండేది. మైకు ముందు కూర్చోబోయే ముందు ఆ వారం సంగతి మీద ఎదుటిపక్షం వాదన ఆయనకు చెప్పాలి. వెక్కిరింపు లేకుండా, వాళ్ళే చెప్పినట్టు చెప్పాలి. ఆయన "అవ్, గదే" అంటేనే ఎర్ర దీపం వెలిగేది. అనకపోతే మళ్ళీ చెప్పాలి. ఒకసారి, ప్రభుత్వమే అందరికీ వైద్యం చేయించాలనే వాళ్ళ వాదన చెప్పడానికి నాకు నాలుగు ప్రయత్నాలు పట్టింది.

"నీ మోకాలు ఎవరు బాగుజేసిండ్రు?" అన్నారాయన మధ్యలో.

"ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రే."

"పైసలిచ్చినవా?"

"లేదు. కాని ఏడాది పైగా కుంటుతూ వరసలో నిలబడ్డాను కదండీ."

"మరి గది గుడ జెప్పు, ఇది గుడ జెప్పు. మోకాలు రెండు దిక్కులా వంగాలె."

మోకాలు ఒక్క దిక్కే వంగుతుందని నేను సరిదిద్దాను. కాని ఆ వారం రెండూ చెప్పాను. నాకు వచ్చిన ఉత్తరాల్లో నా అభిప్రాయం ఒప్పుకోని వాళ్ళవి ఎక్కువగా ఆ వారమే వచ్చాయి, ఒక్కదానిలోనూ తిట్టు లేదు. ఛానెల్ పెట్టబోయే వాళ్ళకు నా మొదటి సలహా కెమెరా కాదు, ఒక యాదగిరిని వెతుక్కోండి. మిమ్మల్ని మెచ్చుకునే స్నేహితుడు ఆ పనికి పనికిరాడు.

సూట్‌కేసు దించు

ఇప్పుడు నా తప్పు గురించి.

అమెరికాలో గ్రీన్ కార్డు కోసం మనవాళ్ళు నిలబడే వరస మీకు తెలిసిందే. ఏ దేశం వాళ్ళకు ఏడాదికి ఎన్ని అని ఒక హద్దు ఉండడం వల్ల భారతీయులకు అది ఎడతెగని వరస. ఆ హద్దు తీసేసే బిల్లు ఒకటి అక్కడి కింది సభలో నెగ్గింది. నాకు ఎంతో నచ్చిన బిల్లు. దొడ్డిదారిని వచ్చేవాళ్ళను ఆపండి, వరసలో నిలబడ్డవాడిని పుట్టిన దేశం చూడకుండా పనితనం చూసి రానివ్వండి అని నేను ఏళ్ళ తరబడి అంటున్నదే అందులో ఉంది. యాదగిరి గారికీ అది నచ్చింది. అందుకని ఆ వారం ఆయన షరతు అడగలేదు. ఎదుటిపక్షం వాదన ఆ గదిలో ఎవరూ చెప్పలేదు.

ఆ ఆదివారం వచ్చిన ఫోన్లలో ఒకటి ఇది.

"అంకుల్, నాటింగ్‌హామ్ నుంచి మాధవ్ మాట్లాడతాండా. మాది ప్రొద్దుటూరు. సాఫ్ట్‌వేర్‌లో చేస్తాండా."

"చెప్పు నాయనా."

"మా కంపెనీ అమెరికాకు పొమ్మంటాంది. నెలాఖరు లోపల చెప్పల్ల. ఈడ పర్మనెంటుగా ఉండేదానికి సెటిల్‌మెంటు రావాలంటే ఐదేండ్లు కదా, ఇంకా ఏడు నెల్లుంది నాకు. ఉండేదా, పోయేదా?"

"బిల్లు నెగ్గింది కదయ్యా."

"నెగ్గింది కింది సభలోనే కదా అంకుల్?"

ప్రశ్న అడిగినవాడికి నాకంటే ఎక్కువ తెలుసు. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా రాస్తాను, ఎందుకంటే తర్వాత చాలాసార్లు విన్నాను.

"రెండు పార్టీల వాళ్ళూ కలిసి ఓటేశారు. ఇంక పై సభదేముంది, ముద్ర వేసే బల్ల. అయిపోయిందనుకో. ఇంకా ఏం చూస్తావు, అటక మీది సూట్‌కేసు దించు."

ఈ తప్పు అమెరికావాడు చేయడు. మనమే చేస్తాం. మన రాష్ట్రంలో శాసన మండలి బిల్లును కొన్నాళ్ళు ఆపగలదు తప్ప చంపలేదు. ఇంగ్లండులో పై సభా అంతే. ఈ రెండు చోట్లా బతికినవాడికి పై సభ అంటే పెద్దవాళ్ళు కునుకు తీసే చోటు. అమెరికాలో పై సభ నిజమైన గోడ. ఎంతమంది గెంతినా కూలదు. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఆ గోడ మంచిదని వారం వారం పొగిడింది నేనే. చట్టం కష్టంగా పుట్టాలి, ఆవేశంలో పుట్టకూడదు, అది ఆ దేశం పెద్దలు తెలిసి కట్టిన ఆలస్యం అని గంటలు గంటలు చెప్పాను. నాకు ఇష్టమైన బిల్లు వచ్చేసరికి గోడ కనిపించలేదు.

బిల్లు పై సభలో కూర్చుండిపోయింది. ఆ సభల కాలం ముగిసినప్పుడు దానితోపాటే పోయింది. అప్పటికి నేను వేరే సంగతులు మాట్లాడుతున్నాను. పోయిందని కూడా చెప్పలేదు.

రికార్డింగు

రెండేళ్ళు కావస్తుండగా ఇంకో ఆదివారం ఒక ఆడగొంతు.

"నాటింగ్‌హామ్ నుంచి ప్రసన్న అంకుల్. మాధవ్ భార్యను. మీరు సూట్‌కేసు దించమన్న్యారే, ఆ మాధవ్."

"ఆఁ, గుర్తుందమ్మా. అమెరికాలో ఎలా ఉన్నారు?"

"ఆడికి పోయినాం, ఏడాదిన్నరకు ఈడికే వచ్చినాం. ప్రాజెక్టు మూసేసినారు. మీరు చెప్పిన బిల్లు రాలా. ఇంతకుముందు ఈడున్న నాలుగేండ్ల పైకాలం దేనికీ పనికి రాదంట. మళ్ళా మొదట్నుంచి ఐదేండ్లంట."

నా నోటికి హాస్యం ఎంత అలవాటంటే, మెదడు లేచి చెప్పులేసుకునే లోపల అది వీధి చివరకు వెళ్ళిపోతుంది.

"పోనీలేమ్మా, సూట్‌కేసుకు దుమ్మయినా దులిపినట్టయింది" అన్నాను.

నేను నవ్వాను. లైను తెగింది. తర్వాతి ఫోను తీసుకున్నాను.

కార్యక్రమం అయ్యాక యాదగిరి గారు నన్ను లేవనివ్వలేదు. "కూసో" అని ఆ ముక్క వినిపించారు. మళ్ళీ వినిపించారు. మూడోసారి వినిపించారు. నా నవ్వు, ఆవిడ ఊపిరి, కిటికీ మీదుగా ఒక విమానం, లైను తెగిన చప్పుడు. రేడియోలో నా నవ్వు బావుంటుందని నాకు చాలామంది చెప్పారు. ఆ రోజు అది ఎవరో కిటికీలోంచి రాయి వేసి నవ్వినట్టుంది.

"ఆమె నిన్నేమన్న అడిగిందా? ఏం అడగలే. జరిగింది జెప్పింది. నువ్వు నవ్వులాట జేసినవ్" అన్నారాయన. నంబరు రాసిన కాగితం నా ముందు పెట్టి కిందికి వెళ్ళిపోయారు.

ఫోన్ చేశాను. ప్రసన్న ఒక కేర్ హోములో వృద్ధులను చూసుకునే పని చేస్తోంది. డ్యూటీల పట్టిక ప్రకారం ఆ సాయంత్రం డ్యూటీకి బయలుదేరుతోంది. బస్సు ఎక్కి కూర్చున్నాక మాట్లాడింది.

"నాకు నర్సింగు చదవాలని అంకుల్. సెటిల్‌మెంటు ఉంటేనే ఈడోళ్ళ మాదిరి తక్కువ ఫీజుకు చేర్చుకుంటారు. ఆ ఏడు నెల్లు ఆగింటే ఇప్పుడు కోర్సులో ఉందును. ఇప్పుడు ముప్పై మూడు నాకు. మళ్ళా ఐదేండ్లంటే ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిదికి తీసుకుంటారో లేదో."

"తప్పయిపోయిందమ్మా. రెండుసార్లు. అప్పుడూ, ఇవాళా."

"మా ఆయనది కూడా తప్పే. ఇంత చదువుకున్నోడు రేడియో విని పోతాడా? అది మేము మేము చూసుకుంటాం. మిమ్మల్ని ఒకటి అడగల్లనుకున్న్యా, మధ్యాన్నం లైను పెట్టేసినా. ఆ పొద్దు మీరు చెప్పింది జరిగిన సంగతా, జరుగుతాదని మీకు అనిపించిన సంగతా, జరగాలని మీరు కోరుకున్నదా?"

ఆలోచించి నిజం చెప్పాను. మూడూ కలిపి ఒకే గొంతుతో చెప్పానమ్మా అన్నాను.

"అట్ల చెప్తే వినేటోళ్ళకు ఎట్ల తెలుస్తాది అంకుల్?" అంది. ఆవిడ దిగాల్సిన స్టాపు వచ్చింది.

మూడు సిరాలు

మరుసటి ఆదివారం మొదటి పది నిమిషాలు నా పాత రికార్డింగే వేశాను. సూట్‌కేసు ముక్కా, దుమ్ము దులిపే ముక్కా, రెండూ. తర్వాత ఏది ఎలా తప్పో చెప్పాను. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం మొదటి పది నిమిషాలు నా తప్పులకే. మొదట్లో యాదగిరి గారు పది నిమిషాలు ఎక్కువేమో అన్నారు. రెండు నెలలయ్యాక చాలవేమో అన్నారు.

చెప్పబోయేది మూడు సిరాలతో రాసుకోవడం మొదలుపెట్టాను. జరిగింది నల్ల సిరా. జరగవచ్చు అనిపించేది నీలం. జరగాలని నా కోరిక ఎరుపు. మైకులో రంగు కనిపించదు కనక, సిరా మారినప్పుడల్లా "ఇది జరిగింది", "ఇది నా అంచనా", "ఇది నా ఆశ" అని నోటితో చెప్పేవాడిని. ఒక ఎన్నికల ముందు వారం కాగితం చూసుకుంటే మొదటి వాక్యం తప్ప పేజీ అంతా ఎరుపే. మొదటి రోజు మ్యాపు గుర్తొచ్చింది. ఈసారి ఎర్రబడింది నేను.

ప్రసన్న కేర్ హోములో విరామం దొరికినప్పుడల్లా వినేది. నేను గీత దాటితే ఫోనుకు రెండు మాటల సందేశం వచ్చేది: "ఎర్ర సిరా." ఇంకేమీ ఉండేది కాదు. మాధవ్ మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఫోన్ చేయలేదు. అడిగితే, "ఉండాడు, బాగుండాడు" అనేది. అంతకంటే చెప్పేది కాదు.

మధ్యలో ఒకసారి ఇక్కడే సెటిల్‌మెంటు గడువు పెంచుతారన్న మాట పుట్టింది. మనవాళ్ళ ఛానెళ్ళన్నీ నెత్తురు రంగు అక్షరాలతో షాక్ మీద షాక్ ఇచ్చాయి. ఆ పొద్దున్నే ప్రసన్న ఫోన్ చేసింది. కంగారు దాచుకుందామనుకుంది కాని గొంతు వినలేదు.

"ఏ సిరా అంకుల్?"

"నీలం అమ్మా. ఇంకా నలుపు కాలేదు. అయితే అదే నిమిషాన నేనే ఫోన్ చేస్తాను."

"అయితే డ్యూటీకి పోతా" అంది.

ఆ షాక్ వీడియోలు చేసినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళలో ఇద్దరు నా దగ్గర టీ తాగినవాళ్ళే. కాని వినేవాడు ఒక కుటుంబంతో, ఒక గడువుతో, ఒక వీసాతో కూర్చుని వింటున్నాడని తెలియనంతకాలం ఈ పని ఆటలాగే ఉంటుంది.

మన పక్షం గురించి

కన్సర్వేటివ్ వ్యాఖ్యానం చేయాలనుకునే కుర్రాళ్ళకు విడిగా ఒక మాట. మీకు తొందరగా జనం కావాలంటే కోపం పంచండి, దానికి కొరత ఉండదు. కాని పాతదాన్ని కాపాడతామని చెప్పుకునేవాళ్ళం మనం. కాపాడడం నెమ్మదైన పని. ఇల్లు కూలిపోతోందని రోజూ అరిచేవాడు ఇంటికి సున్నం వేయడు.

మన వైపు మనిషి తప్పు చేసినప్పుడే మన విలువ తెలుస్తుంది. కుటుంబ విలువల మీద ఉపన్యాసాలిచ్చిన ఒక నాయకుడి ఇంటి సంగతి బయటపడినప్పుడు, ఎదుటిపక్షం వాడైతే ఏమనేవాడినో అదే అన్నాను. ఇల్ఫర్డ్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, "ఏంటి సూరిబాబు గారూ, పార్టీ మారారా?" అన్నాడు. నేను మారలేదండీ, ఆయనే మారాడు అన్నాను. ఆయన తన బంధువులందరితో సహా వినడం మానేశాడు. చాలా పెద్ద కుటుంబం. ఇప్పటికీ ఆ లోటు తెలుస్తోంది.

ఇంకొకటి. మనం ఇంగ్లండులో కూర్చుని అమెరికా గురించి తెలుగులో మాట్లాడేవాళ్ళం. ఓటు లేదు, నష్టం లేదు, కాబట్టి నోటికి అడ్డూ లేదు. అందుకే మనకు అమెరికావాడి కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. ప్రతిదాన్నీ మన ఊరి రాజకీయంతో పోల్చి చెబితే శ్రోత చప్పట్లు కొడతాడు, కాని అర్థమైందని పొరపాటు పడతాడు. పోలిక చెప్పండి. ఎక్కడ పోలదో కూడా అదే ఊపిరిలో చెప్పండి. నేను శాసన మండలిని చూసి సెనేటును అంచనా వేశాను. దాని ధర ఒక ఇంటివాళ్ళు ఐదేళ్ళు కట్టారు.

మైకు దించాక

యాదగిరి గారు దుకాణం అమ్మేసి కూతురి దగ్గరకు నాటింగ్‌హామ్ వెళ్ళిపోయారు. పరుపులు విప్పేసిన గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చివరి ప్రసారంలోనూ ఆయన షరతు వదల్లేదు. నేను ఈ పని ఎందుకు చేయకుండా ఉండాల్సిందో ఎదుటివాళ్ళ తరఫున చెప్పమన్నారు. చెప్పాను. బాగానే చెప్పినట్టున్నాను. "అవ్, గదే" అనడానికి ఆయన ఒక్క క్షణం కూడా ఆగలేదు.

అది అయిన కొన్ని వారాలకు, కూరగాయల దుకాణంలో వంకాయలు ఏరుతుంటే ఫోన్ మోగింది. ప్రసన్న.

"అంకుల్, నల్ల సిరా."

"ఏంటమ్మా?"

"సెటిల్‌మెంటు వచ్చింది. మా ఇద్దరికీ, బిడ్డకూ. నర్సింగు సీటు కూడా ఇచ్చినారు, సెప్టెంబరు నుంచి. నాకంటే పెద్దోళ్ళు ఇద్దరుండారంట క్లాసులో."

వంకాయలు అక్కడే పెట్టేసి బయటకు వచ్చాను. కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. హౌన్స్‌లో చలి అలాంటిది. అడుగుదామా వద్దా అని తటపటాయించి, చివరకు అడిగేశాను.

"మరి ఇప్పుడైనా నన్ను క్షమించినట్టేనా అమ్మా?"

పైనుంచి ఒక విమానం వెళ్ళింది. అది వెళ్ళేదాకా ఆగి, ప్రసన్న చెప్పింది.

"కింది సభలో పాసయింది అంకుల్. పై సభలో మా ఆయన ఉండాడు. అప్పుడే సూట్‌కేసు దించాకండి."